లూర్దుమేరి అట్టముక్కలు

బహ్రెయిన్‌లో సిత్రా వైపు వెళ్ళే ఎర్ర బస్సు సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా వెనక సీటులోంచి ఎవరో నా భుజం తట్టారు. తిరిగి చూస్తే యాభై అయిదు దాటిన మనిషి. ముదురాకుపచ్చ పంజాబీ డ్రస్సు, మెడలో చిన్న సిలువ, ఒళ్ళో గుడ్డసంచి. ముందుకు చాచిన చేతిలో ఫోను ఉంది. ఆ చేతివేళ్ళ కొసలు రోజంతా నీళ్ళలో నానినట్టు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"బాబాయిగారూ, మీరు చదివేది తెలుగు పుస్తకమేగా. ఇంగ్లీషు కూడా వచ్చా?"

వచ్చునన్నాను.

"అయితే దీని మీద ఏం రాసుందో కాస్త చూడండి. నాకు తెలుగైతే కళ్ళద్దాలుంటే కనపడుద్ది. ఇంగ్లీషు అద్దాలున్నా కనపడదు."

ఫోనులో ఒక ఫొటో. పూల దుప్పటి మీద పెట్టిన మందుపట్టీ. సగం నీలం, సగం తెలుపు గొట్టం బిళ్ళలు. పట్టీని తిరగేసి తీసిన ఫొటో ఇంకొకటి ఉంది గాని, రేకు మీద ట్యూబులైటు వెలుగు పడి అక్షరాలన్నీ మెరుపులో కలిసిపోయాయి. ఎంత పెద్దది చేసి చూసినా ఒక సి, దాని పక్కన ఎల్ అనిపించేదేదో తప్ప ఏమీ తెలియలేదు. అదే చెప్పాను.

"ఇంకో ఫొటో పంపమనకపోయావా?"

"పొద్దుట్నించీ అదే పని. ఫోను కలవటంలా. ఛార్జింగు అయిపోయుంటది. ఇది వినండి."

ఫోను నా చెవి దగ్గర పెట్టింది. శ్రీకాకుళం వైపు మగగొంతు, కులాసాగా ఉంది.

"లూర్దప్పా, నాను జగ్గారావుని. నీకు సెప్పడం మర్సిపోనాను. మంగళారం అచ్చిబాబు ఊరి నుంచొచ్చినాడు గదా, ఆడి సేత మా బేబి కొత్త గుండెమందు పంపింది. ఎర్రది నువ్వు ఒగ్గీమన్నావు, ఒగ్గీసినాను. ఇప్పుడు ఈ నీలందే ఏసుకుంటన్నాను. నీ అట్టమీద దీని ఊసు నేదు. రేపటికి పర్నేదు గదా?"

అప్ప అంటే వాళ్ళ వైపు అక్క, ఒగ్గీడమంటే మానేయడం. ఆవిడ పేరు లూర్దుమేరి. ఆ మాటలు ఇంకోసారి విని, ఫోను సంచిలో వేసుకుని, కిటికీకి తల ఆనించింది.

"మీరెక్కడ దిగుతారు?"

ప్రత్యేకించి ఎక్కడా లేదన్నాను. నిజమే. గుదైబియాలో ఒక లాండ్రీ వాళ్ళ పైగదిలో నెల రోజులుగా ఉంటున్నాను. శనివారం మధ్యాహ్నాలు ఆ గదిలో ఇస్త్రీ ఆవిరికి ఉండలేక ఏదో ఒక బస్సెక్కి చివరిదాకా పోయి వస్తుంటాను.

"అయితే నువైద్రాత్‌లో దిగండి. పట్టీ చేతిలో పెట్టుకుని చదువుదురుగాని. రేపు పొద్దున ఎనిమిదింటికి వాడి పేగులో పెరిగిన కండ కోస్తారు. ఆ నీలందేందో ఈపూటే తేలాలి."

అలా ఆవిడ వెంట వెళ్ళాను. బస్సులో కొంత, తర్వాత నడకలో కొంత ఆవిడ చెప్పింది, అడిగితే తప్ప చెప్పకుండా.

లూర్దుమేరిది ఫిరంగిపురం దగ్గర పల్లె. ముప్ఫై ఏళ్ళ వయసులో, పెళ్ళయిన నాలుగో ఏటే భర్త పోయాక, హూరాలో ఒక బహ్రెయినీ ముసలమ్మను చూసుకోవడానికి వచ్చింది. ఎనిమిదేళ్ళు ఆవిడకు నీళ్ళు పోసి, తల దువ్వి, మంచం మీద పక్కకు తిప్పింది. ముసలమ్మ పోయాక ఆ ఇంటివాళ్ళు మర్యాదగానే విడుదల కాగితం ఇచ్చారు. అప్పటినుంచి ఒక ఆస్పత్రిలో శుభ్రం చేసే పని. పేరుకు ఆస్పత్రి, ఉద్యోగం మాత్రం పనివాళ్ళను సరఫరా చేసే కంపెనీది. నోట్లోంచో కిందనుంచో కెమెరా గొట్టం పంపి కడుపు లోపల చూసే విభాగంలో వేశారు. పంతొమ్మిదేళ్ళయింది. ఒక రోగిని బయటకు తీసుకెళ్ళి ఇంకొకరిని తెచ్చేలోపు నేల తుడవాలి, మంచం తుడవాలి, దుప్పటి మార్చాలి, చెత్తసంచి కట్టాలి. అంతే పని. గంటకు ముగ్గురు రోగులు.

"అక్కడ వాసన ఉంటదనుకుంటారు అందరూ. వాసన రెండో నెలకే పోద్ది. కాళ్ళు మాత్రం పోలేదు," అంది. చెప్పుల్లోంచి పొంగినట్టున్న మడమలు చూపించలేదు గాని, చూడకుండా ఉండలేకపోయాను.

నా చిన్నతనంలో మా వైపు జలగలు పట్టించే ఒక ముసలాయన సీసా చంకన పెట్టుకుని తిరిగేవాడు. మోకాళ్ళ వాపులకూ కురుపులకూ పట్టించేవాడు. జలగ తాగి ఊడిపడినాక కూడా ఆ కాటు లోంచి గంటల తరబడి నెత్తురు సన్నగా కారుతూనే ఉండేది. దాని నోట్లో నెత్తురును గడ్డకట్టనివ్వని ద్రవం ఉంటుందని ఎంతో కాలానికి, ఏదో ఊరి రైల్వేస్టేషను బయట పాత పుస్తకాల గుట్టలో దొరికిన వైద్యగ్రంథంలో చదివాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ముసలాయన జలగను పెట్టేముందు ప్రతివాణ్ణీ అడిగేవాడు: కాలికి దెబ్బేమైనా తగిలిందా, పన్నేమైనా పీకించుకున్నావా. అంత నెత్తురు ఆగకుండా పోయే మనిషికి మరోచోట గాయం ఉండకూడదని ఆయనకు ఎవరు చెప్పారో.

ఇప్పుడు జలగ పని బిళ్ళ చేస్తోంది. గుండె నాళంలో స్టెంటు పెట్టినవాళ్ళకు ఆ స్టెంటులో నెత్తురు గడ్డకట్టకుండా రక్తం పలచబడే మందులిస్తారు. అదే మనిషికి పేగులో కండ కోయవలసి వస్తే చిక్కు. మందు మానకపోతే కోసినచోట నెత్తురు ఆగదు. అన్నీ మానేస్తే స్టెంటు పూడుకుపోవచ్చు. అందుకని ఏది ఆపాలో, ఎన్నాళ్ళు ఆపాలో, ఏది ఆపకూడదో, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో గుండె డాక్టరూ పేగు డాక్టరూ మాట్లాడుకుని తేలుస్తారు. నర్సు కాగితం ఇస్తుంది. ఒక పక్క అరబ్బీ, ఒక పక్క ఇంగ్లీషు.

"ఆ కాగితం తీసుకుని మనవాళ్ళు చక్కగా నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంటారు," అంది లూర్దుమేరి. "సిస్టర్లు హిందీలో కూడా చెబుతారు. వీళ్ళు తల ఊపుతారు. నేను తుడుస్తా ఉంటా, చూస్తా ఉంటా. తల ఊపే తీరులోనే తెలిసిపోద్ది, ఒక్క ముక్క లోపలికి పోలేదని."

పదకొండేళ్ళ కిందట అబ్బులు అని రాజోలు దగ్గరి మేస్త్రీ ఒకడు వచ్చాడట. పరీక్షకు ముందు మందు ఆపమన్నారు, ఆపాడు. పరీక్ష అయింది, కండ కోశారు, చక్కగా ఇంటికి పంపారు. మూడోరోజు నుంచి మందు మళ్ళీ మొదలుపెట్టాలని కాగితంలో ఉంది. ఆ కాగితం పర్సులో ఉంది. డాక్టరు ఆపమన్న మందు డాక్టరు చెప్పకుండా ఎట్లా వేసుకుంటామని అతను అనుకున్నాడు. ఇరవై రోజుల తర్వాత సిమెంటు బొచ్చె ఎత్తబోతే కుడిచెయ్యి లేవలేదు. మాట పోయింది. వీల్‌చైర్లో ఊరికి పంపించారు.

"ఆ కాగితం ఇచ్చేటప్పుడు నేనక్కడే ఉన్నానండీ. వాడి కాళ్ళ కింద తుడుస్తా, కాస్త కాలెత్తు నాయనా అన్నా. ఇంకో మాట అనుంటే సరిపోయేది."

అప్పటినుంచి ఆవిడ అట్టముక్కలు చేస్తోంది. చేతితొడుగులు వచ్చే డబ్బా అట్టను అరచేయంత కత్తిరిస్తుంది. రోగి తెచ్చుకున్న మందుల్లోంచి ఒక్కొక్క బిళ్ళ తీసి టేపుతో అట్టకు అంటిస్తుంది. పైవరసలో ఇంటూ గుర్తు, దాని కింద ఆపవలసినవి, పక్కన ఎన్నాళ్ళో అన్ని గీతలు. రోజుకో గీత కొట్టేసుకోవాలి. నడివరసలో టిక్కు పెట్టి, ఆపకూడనివి. అడుగున గుండ్రంగా సూర్యుడి బొమ్మ, పరీక్ష తర్వాత ఎన్నో పొద్దున మళ్ళీ మొదలో అన్ని చుక్కలు. సొంతంగా ఒక్క మాట చేర్చదు. నర్సు చెప్పింది విని, పక్కకు పిలిచి మళ్ళీ అడిగి, అప్పుడే అంటిస్తుంది. పరీక్షకు ముందురోజు రోగి గదికి పోయి గీతలు చూసి వస్తుంది. శుక్రవారం చర్చిలో తెలుగువాళ్ళ సహవాసం, శనివారం ఈ తిరుగుడు. వారం మొత్తంలో ఆవిడకున్న సెలవు ఆ రెండు రోజులే.

కిందటేడు ఒక కొత్త మేనేజరు ఒక రోగి చేతిలో ఆ అట్ట చూశాడు. ఎవరిచ్చారన్నాడు. తుడిచే మనిషి మందుల సంగతి మాట్లాడటమేమిటన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేముంది, నేనైనా అదే అందును. ఇంగ్లీషులో కాగితం రాసి సంతకం పెట్టించాడు. ఇంకోసారి ఇలాంటిది కనపడితే ఖలాస్, ఇంటికే అన్నాడు. లూర్దుమేరి నెలరోజులు మానేసింది. తర్వాత ఒకడు తల ఊపటం చూసింది.

"ఇప్పుడు దొంగచాటుగా చేస్తున్నావా?"

"ఇన్‌చార్జి సిస్టరుకు తెలుసు అనుకుంటా. చూసీ చూడనట్టు ఉంటది. వచ్చే నెల నా కాంట్రాక్టు కాగితం మీద ఆమె సంతకం పెట్టాల. ఈసారి పెడితే ఇంకో రెండేళ్ళు. అరవై దాకా చేసి పోదామని."

నువైద్రాత్‌లో దిగి ఎండలో పావుగంట నడిచాం. ఎండ సందు పొడుగునా పడుతోంది, మూడున్నరకు కూడా గోడల నీడ అడుగు దాటలేదు. పిల్లులు ఆగి ఉన్న కార్ల కింద పడుకుని ఉన్నాయి. ఆవిడ ప్రతి రెండో గోడ దగ్గరా ఆగి, సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు.

జగ్గారావు ఉండేది కంపెనీవాళ్ళు క్యాంపుగా మార్చిన పాత ఇంట్లో. గదిలో ఆరు మంచాలు, మేడ మీద మేడలా. ఏసీ కొట్టుకుంటోంది గాని చల్లదనం లేదు. నలుగురు ఓవర్‌టైం డ్యూటీకి పోయారు. జగ్గారావు కింది మంచం మీద బాసింపట్టు వేసుకుని, బత్తాయిరసం లాంటిదేదో పలచగా గ్లాసులో పోసుకుని తాగుతున్నాడు. నలభై ఎనిమిదేళ్ళుంటాయి. వెడల్పాటి ఛాతీ, పాలిపోయిన ముఖం. ఎదురు మంచం మీద జగిత్యాల మనిషి భూమేష్ బట్టలు మడత పెడుతున్నాడు.

"అచ్చింది అక్క," అన్నాడు భూమేష్. "చూడక్కా, పొద్దుగాల సంది నీళ్ళే. బువ్వ తింటనని మస్తు ఏడ్చిండు. నేను దాచిపెట్టిన బిస్కెట్ పాకిట్ ముట్టనియ్యలే."

"ఆడికి నవ్వులాటగుందప్పా," అన్నాడు జగ్గారావు. "ఈయనెవులు?"

"ఇంగ్లీషు చదివే బాబాయిగారు. నీ ఫోనేమైందిరా?"

"సార్జరు పై మంచపోడిది. ఆడు డ్యూటీకట్టుకుపోనాడు, ఇంకా రానేదు. కూకో బాబూ."

లూర్దుమేరి మాత్రం కూర్చోలేదు. "అట్ట తియ్యి."

మంచం కోడుకు దారంతో కట్టి ఉంది అట్ట. నేను చూడటం అదే మొదటిసారి. ఇంటూ కింద ఎర్రగొట్టం బిళ్ళ, పక్కన ఏడు గీతలు, ఆరు కొట్టేసి ఉన్నాయి. టిక్కు పక్కన తెల్లటి చిన్న బిళ్ళ, ఆపకూడని ఒట్టి ఆస్పిరిన్. అంత శ్రద్ధగా గీసిన గీతలు ఈమధ్య నేను చూడలేదు.

"మరి నీలంది?"

తలగడ కింద నుంచి పట్టీ తీశాడు. పది గూళ్ళలో నాలుగు ఖాళీ. మంగళ, బుధ, గురు, శుక్ర. రాత్రి అన్నం తిన్నాక ఒకటి.

నేను కళ్ళద్దాలు తుడుచుకుని పట్టీ వెనక అక్షరాలు చదివాను. మూడు మందుల పేర్లు. లూర్దుమేరి సంచిలోంచి చిన్న పర్సు, పర్సులోంచి కత్తిరించిన రేకుముక్క తీసి ఇచ్చింది. ఎర్రబిళ్ళ పట్టీ తాలూకుది. అట్ట చేసినప్పుడల్లా ఒక ముక్క దాచుకుంటుందట. రెండూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చదివాను. క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్, కొవ్వుకు వేసే మందు. అక్కడా అవే మూడు, అదే మోతాదు. కంపెనీ పేరే వేరు.

"రెండూ ఒకటే అమ్మా," అన్నాను. "రంగే వేరు."



"అదెలాగ బాబూ," అన్నాడు జగ్గారావు. "అది ఎర్రది."

నేను కొన్నాళ్ళు సరుకు ఓడల మీద గుమాస్తాగా తిరిగాను. ఒక రేవులో ఆక్సిజన్ సిలిండరు నల్లగా, భుజాలు తెల్లగా ఉండేది. ఇంకో రేవులో అదే గాలి ఆకుపచ్చ సిలిండరులో వచ్చేది. రంగును నమ్ముకున్న కూలీలు రేవు మారినప్పుడల్లా తికమకపడేవారు, చదువుకున్న మేము వాళ్ళను చూసి నవ్వేవాళ్ళం. నవ్వినవాళ్ళలో ఎందరం మూత మీది అక్షరాలు ఎప్పుడైనా చదివాం? మేమూ రంగే చూసేవాళ్ళం. ఈ సంగతి జగ్గారావుకు చెప్పబోయి మానేశాను.

జరిగింది మామూలే. ఊళ్ళో మందుల షాపులో పాత కంపెనీ సరుకు అయిపోయింది. షాపతను ఇదీ అదే అమ్మా అని వేరే కంపెనీది ఇచ్చాడు. బేబి అది పొట్లం కట్టి, పెనిమిటికి ఫోనులో మాత్రం గుండెబిళ్ళ పంపాను, మానొద్దు అని చెప్పింది. జగ్గారావుకు ఎర్రది మానినప్పటి నుంచి గుండెలో బెరుకుగానే ఉంది. నీలం బిళ్ళ అట్టమీద లేదు. లేనిదాన్ని ఎవరూ ఆపమనలేదు.

"నాను నీ అట్ట తప్పనేదప్పా," అన్నాడు. "ఒక్క గీత తప్పనేదు."

"తప్పలేదు నాయనా," అంది లూర్దుమేరి. అప్పుడు కూర్చుంది, భూమేష్ మడత పెట్టిన బట్టల పక్కన. "అట్టే తప్పింది."

"ఇప్పుడేటంటావు?"

"రేపు కోయరు. ఇంకో వారం ఆపాల."

జగ్గారావు గ్లాసు కింద పెట్టాడు. పరీక్షకు ఇచ్చిన తారీఖుల్లో ఇది మూడోది. మొదటిసారి స్టెంటు పెట్టి ఏడాది కాలేదని వాయిదా వేశారు. రెండోసారి కంపెనీ సెలవివ్వలేదు. ఈ నెలాఖరుకు సిత్రా సైటు పని పూర్తవుతుంది, అందరికీ టికెట్లు వచ్చేశాయి. ఆర్నెల్లుగా దొడ్డికి పోయినప్పుడల్లా నెత్తురు చూస్తున్నాడు.

"నువ్వు సెప్పకు," అన్నాడు మెల్లగా. "రేపు ఆలడుగుతారు, ఆపినావా అనీసి. ఆపినానంటాను. అట్ట సూపిస్తాను. కోసీసాక ఏదైతే అదవుద్ది. ఆస్పత్రిలోనే గదా ఉంతాను, నెత్తురు కారితే ఆలే సూసుకుంతారు."

"రెండోనాడు ఇంటికి పంపిస్తారురా. ఇంటికొచ్చాక నాలుగోనాడు కూడా కారుద్ది. ఎవరు చూస్తారు, భూమేషా?"

"నాకు నెత్తురు చూస్తే కండ్లు తిరుగుతయక్కా," అన్నాడు భూమేష్.

నాకు ఒక ఉపాయం తోచింది. "నేను ఫోను చేస్తాను," అన్నాను. "ఇతని చుట్టాన్నని చెబుతాను. పట్టీ చదివాను, మందు ఆగలేదు, తారీఖు మార్చండి అంటాను. నీ పేరూ అట్ట పేరూ రావు." నిజానికి ఆ మాట చెప్పి నాకు నేనే తెలివైనవాడిలా కనపడ్డాను.

లూర్దుమేరి ఎర్రబిళ్ళ రేకుముక్కను అటూ ఇటూ తిప్పింది. ఆవిడ ఒప్పుకుంటుందనే అనుకున్నాను. ఒప్పుకోవాలనీ అనుకున్నాను.

"వీడొక్కడైతే అట్టాగే చేద్దును బాబాయిగారూ," అంది చివరికి. "ఈ వారంలో ఇంకో మూడు అట్టలిచ్చా. హూరాలో వీరమ్మని ఒక ఇంట్లో వంట చేస్తది. సిత్రాలో శాంసను, రాజా. ముగ్గురికీ మందులు ఊరినుంచే వస్తాయి. ఎవరి చేతిలో ఏ రంగు మారిందో నాకేం తెలుసు. నేను పోయి చూసినా ఆ అక్షరాలు చదవలేను. మీరెన్ని బస్సులెక్కుతారు? సిస్టరు పిలిపించి చూడాల. పిలిపించాలంటే అట్టల సంగతి చెప్పాల."

"ఇన్నేళ్ళలో ఎప్పుడూ రంగు మారలేదా?"

"అదేగా నేననుకునేది," అంది. "మారుంటది. నాకు తెలిసుండదు."

ఫోను తీసింది. ఇన్‌చార్జి సిస్టరు సొంత నంబరు ఆవిడ దగ్గర ఉంది, ఇంటి పనికి ఎవరైనా కావాలంటే అడుగుతుంటుందట. హిందీలో మాట్లాడింది, మెల్లగా, ఒక్కొక్క మాటకూ ఆగుతూ. జగ్గారావు పేరు చెప్పింది. నీలం బిళ్ళ, నాలుగు రాత్రులు. నా చేతికి ఫోనిచ్చి మందుల పేర్లు చదివించింది. అవతలి గొంతు మలయాళీ యాస ఇంగ్లీషు, పొడిగా ఉంది. రెండుసార్లు చదివించుకుని, ఫోను ఆవిడకు ఇవ్వమంది.

తర్వాత లూర్దుమేరి అట్టల సంగతి చెప్పింది. దాచకుండా చెప్పింది. మూడు పేర్లూ, ఎవరికి ఏ రోజు పరీక్షో చెప్పింది. ఎంతకాలంగా అని అడిగినట్టున్నారు. "గ్యారా సాల్," అంది, పదకొండేళ్ళని. ఆవిడ భుజం మీద చున్నీ సర్దుకుంది, ఎదురుగా ఎవరో నిలబడినట్టు.

సిస్టరు ముందు జగ్గారావు సంగతి చెప్పింది. నీలంది ఈ రాత్రి నుంచి వద్దు. తెల్లటి చిన్నబిళ్ళ ఒక్క పూట కూడా మానొద్దు. పేగు కడగడానికి తాగే మందు ఇంకా కలపకపోతే కలపొద్దు, అన్నం తినొచ్చు. రేపు ఉదయం ఎనిమిదింటికి రానే రావాలి, మందులన్నీ తీసుకుని. డాక్టరు చూసి కొత్త తారీఖు వేస్తాడు. నెలాఖరులోపు దొరుకుతుందా అంటే, ప్రయత్నిస్తాననే చెప్పింది. మిగతా ముగ్గురికీ ఇప్పుడే ఫోను చేస్తానంది.

తర్వాత లూర్దుమేరి సంగతి. అది చిన్నదే. నాకు కూడా వినపడింది.

"రేపు యూనిఫాం వేసుకోకు. ముందు ఆఫీసుకు రా."

"అచ్ఛా సిస్టర్," అంది.

ఫోను పెట్టేశాక భూమేష్ లేచి స్టవ్వు దగ్గరికి పోయాడు. "బువ్వ పెడతనే జగ్గన్నా. పప్పు ఉన్నది," అన్నాడు. జగ్గారావు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఛాతీ మీద చెయ్యి ఉంది, స్టెంటు ఉన్న వైపు.

"టికెట్టు దగ్గరికొచ్చీసింది," అన్నాడు గోడతో. "ఊరెల్లి మల్లీ మొదట్నుంచీ. ఆ డాక్టరు, ఈ డాక్టరు. తుడుసుకునేదానివి తుడుసుకోక నీకెందుకప్పా ఈ అట్టలూ గిట్టలూ?"

భూమేష్ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "గట్లనకు జగ్గన్నా," అన్నాడు. "తప్పు."

లూర్దుమేరి ముఖంలో కోపం కోసం వెతికాను. లేదు. పంతొమ్మిదేళ్ళ నుంచి గంటకు మూడుసార్లు వంగిన నడుము ఒకటి కనపడింది, మంచం పట్టీ పట్టుకుని లేస్తుంటే. మంచం కోడు దగ్గర వంగి అట్టను దారంతో సహా విప్పింది. సంచిలోంచి పెన్ను తీసి, టేపు ఊడదీసి, ఎర్రబిళ్ళ పక్కన నీలంబిళ్ళ ఒకటి అంటించింది. కొట్టేసిన గీతల కింద మళ్ళీ ఏడు కొత్త గీతలు గీసింది. నాలుగో గీత వంకర పోయింది. దాన్ని దిద్దింది. తర్వాత నాకిచ్చి, "బాబాయిగారూ, ఆ మూడు మందుల పేర్లూ దీని వెనక తెలుగులో పెద్దక్షరాలతో రాయండి. రంగు మాట నమ్మొద్దని కూడా రాయండి. భూమేషు చదువుతాడు," అంది.

"నాకు మంచిగ చదవస్తది," అన్నాడు భూమేష్.

నేను కళ్ళద్దాలు సర్దుకుని మంచం అంచున కూర్చుని రాయడం మొదలుపెట్టాను. గ్లవ్స్ డబ్బా అట్ట నునుపు, పెన్ను జారుతోంది. పేర్లు పొడుగాటివి. తెలుగులో ఆ మాటలు ఎట్లా విరవాలో ఆలోచిస్తూ, రెండో పేరు దగ్గర ఒత్తు సరిపోక పక్కన మళ్ళీ రాశాను. భూమేష్ నా భుజం మీంచి తొంగి చూస్తూ ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటున్నాడు. జగ్గారావు కూడా కాసేపటికి ఇటు తిరిగి, "ఏటి రాస్తన్నారు?" అని అడిగాడు, గొంతు తగ్గించి. చదివి వినిపించాను. అతను విని, మూడు పేర్లూ పెదాలతో అనుకున్నాడు.

"లూర్దప్పా," అన్నాడు తర్వాత.

ఆవిడ గదిలో లేదు, తలుపు వారగా తెరిచి ఉంది. బయట గుమ్మం పక్కన నీళ్ళ కూలరు దగ్గర ఉందేమోననుకున్నాం. భూమేష్ వెళ్ళి చూసి వచ్చాడు. "లేదు," అన్నాడు. "పోయింది." నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అప్పటికే సందు చివరికి చేరింది, సంచి రెండో భుజానికి మార్చుకుంటూ, గోడ వెంట ఉన్న ఆ కాస్త నీడలోనే నడుస్తూ, బస్సు రోడ్డు వైపు తిరిగింది.